గీత ఎవరిది, గొంతు ఎవరిది?

2021 సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకి హనుమకొండలో మా వంటింటి పక్కగదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. న్యూజెర్సీలో అక్కకి అప్పుడు శనివారం రాత్రి తొమ్మిది. మూడో చతురస్రంలో విశాఖపట్నం నుంచి మా పిన్ని కూతురు. అమ్మ పోయి ఏడాది దాటింది. కరోనా రోజులు కావడంతో అక్క ఆఖరి చూపుకి కూడా రాలేకపోయింది. ఆ ఏడు మా ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. ఈ ఏడైనా అమ్మ నోట్‌బుక్‌లోని పాటలు ముగ్గురం కలిసి పాడి దాచుకుందామని మా ప్రయత్నం. పండక్కి పోవడానికి తల్లిగారిల్లు లేకపోతే కనీసం తల్లి పాటైనా ఉండాలి కదా.

నేను పాట చెప్పాలి, వాళ్లిద్దరూ అందుకోవాలి, ముగ్గురం చప్పట్లు కొట్టాలి. మూడు చరణాలు కూడా నడవలేదు. "నువ్వెప్పుడూ ఎనకబడ్తవే" అంది అక్క. నాకేమో తనే వెనకబడుతున్నట్టు వినిపిస్తోంది. "నేను కాదక్కా, నువ్వే ఆగుతలేవు" అన్నాను. చెల్లె నవ్వుతూ మొదలుపెట్టి, మేమిద్దరం నిజంగానే పోట్లాడుకుంటున్నామని అర్థమై ఊరుకుంది. ఆ పోట్లాట పాట గురించి కాదని ముగ్గురికీ తెలుసు. అమ్మ దగ్గర ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదే దాని అడుగున ఉన్న మాట.

గ్రాఫిక్ నొటేషన్ గురించి రాయమంటే ఇక్కడినుంచి ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ విషయం నాకు పుస్తకంలోంచి రాలేదు. స్వరాలకీ తాళానికీ నిర్ణీతమైన గుర్తులు వాడకుండా గీతలు, రంగులు, ఆకారాలు, ఒక్కోసారి నాలుగు వాక్యాల సూచనలు ఇచ్చి, పాడేవాళ్లనీ వాయించేవాళ్లనీ వాటి అర్థం తేల్చుకోమనే స్వరలిపి అది. 1950ల నుంచీ పాశ్చాత్య ప్రయోగ సంగీతంలో ఉంది. దాన్ని నేను చదువుకున్న కొత్త విషయంగా కాక, తప్పనిసరి అవసరంగా కలిశాను.

మా పోట్లాటలో ఇద్దరమూ ఒప్పే. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. పది మీటర్ల అవతల కొట్టిన చప్పట్లు మనకి చేరడానికి దాదాపు 30 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ మాత్రం తేడాని చెవి సర్దుకుంటుంది, అంతకు మించితే తాళం జారడం మొదలవుతుంది. మాట, బొమ్మ పంపే మామూలు వీడియో కాల్‌లో ఒకవైపు ఆలస్యమే 200 మిల్లీసెకన్ల దాకా పోతుంది. అంటే అక్క నాకు 70 మీటర్ల దూరంలో, మైదానం అవతలి గట్టున నిలబడి పాడుతున్నట్టు. ఎవరికి వాళ్లు తమ తాళం తాము పట్టుకుంటే ఎదుటిమనిషి ఆలస్యంగా వినిపిస్తుంది. ఒకరి కోసం ఒకరు ఆగితే పాట ఆవృతానికి ఆవృతం నెమ్మదించి చచ్చిపోతుంది. ఎంత ఖరీదైన కనెక్షన్ పెట్టుకున్నా ఇది పూర్తిగా పోయేది కాదు. హనుమకొండకీ న్యూజెర్సీకీ మధ్య సుమారు 13 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుందనుకున్నా, తిన్నగా గీత గీసినట్టు తీగ వేసినా, 65 మిల్లీసెకన్లు ఖర్చయిపోతుంది. ప్రకృతే పెట్టిన ఎడం అది. అక్కా చెల్లెళ్లు దాన్ని ప్రేమ లోపమని అనుకుంటారు.

ఆలస్యాన్ని మించి నన్ను కలవరపెట్టింది మరొకటి. నేను శ్రుతిపెట్టె పెట్టుకుని పాడితే అక్కకి శ్రుతి వినిపించలేదట. ఒకే తీరున సాగే శబ్దాన్ని ఫ్యాన్ మోతగా లెక్కేసి తీసేయడం ఆ సాఫ్ట్‌వేర్‌కి నేర్పిన పని. ముగ్గురం ఒకేసారి పాడితే గట్టిగా ఉన్న గొంతుని ముందుకు తెచ్చి మిగతా రెండింటినీ తొక్కేస్తుంది. మీటింగుల కోసం చేసిన పరికరం కదా, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలన్నది దాని లోకజ్ఞానం. ఆ సద్దు తగ్గింపుని ఆపే మీట ఒకటి ఉందని తర్వాత కనుక్కున్నాం. శ్రుతి వచ్చింది, ఆలస్యం అలాగే ఉంది. కానీ అప్పటికే నాకు ఒక పాత స్కోరు గుర్తుకొచ్చేసింది. ఆ యంత్రానికి సరిగ్గా వ్యతిరేకమైన ఆజ్ఞ ఇచ్చిన స్కోరు అది.

అమెరికన్ స్వరకర్త పౌలీన్ ఒలివెరోస్ (1932–2016) 1970లో రాసిన ఆ రచన పేరు చాలా పొడుగు. వలెరీ సొలానస్‌కీ మెరిలిన్ మన్రోకీ, వాళ్ల నిస్పృహని గుర్తిస్తూ అని దాని భావం. ఒకామె స్కమ్ మానిఫెస్టో రాసి, 1968లో ఆండీ వార్హోల్ మీద కాల్పులు జరిపిన మనిషి. ఇంకొకామె 1962లో నిద్రమాత్రలతో ముగిసిపోయిన తార. ఈ ఇద్దరినీ ఒకే పేరులో కూర్చోబెట్టడమే ఆ రోజుల్లో పెద్ద సాహసం. కానీ ఆ రచన స్త్రీవాదం పేరులో లేదు, నిర్మాణంలో ఉంది. పాల్గొనే ప్రతివాళ్లూ తమకి నచ్చిన ఐదు స్వరస్థానాలు ఎంచుకుంటారు. దీర్ఘంగా, తాళం లేకుండా వాయిస్తారు. దీపాల రంగు మారితే భాగం మారుతుంది. మధ్యలో ఇతరుల స్వరాలు అరువు తెచ్చుకోవచ్చు, చివరికి తమ స్వరాలకి తిరిగి రావాలి. అన్నిటికన్నా ముఖ్యమైన సూచన ఒకటుంది: ఎవరైనా ఒకరి ధ్వని మిగతావాళ్ల మీద పైచేయి అయితే, బృందం మొత్తం లేచి ఆ స్థాయికి చేరి, ఆ ఆధిక్యాన్ని తనలో కలిపేసుకోవాలి. గట్టిగా పాడినవాళ్ల నోరు నొక్కమనడం లేదు, మెల్లగా పాడేవాళ్లని తగ్గమనడమూ లేదు. గట్టి గొంతుని ఒంటరిగా శిఖరం మీద నిలబడనివ్వకపోవడం ఇది. ఆధిపత్యం గురించి మనం ఎన్ని సదస్సుల్లో ఎన్ని పత్రాలు చదివాం! ఇంత ఆచరణీయమైన వాక్యం నాకు వాటిలో దొరకలేదు.

అదే ఏడు సెప్టెంబరులో ఆమె న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాసింది, తమని "లేడీ కంపోజర్లు" అనొద్దని. మనదగ్గర "రచయిత్రి" మాట మీద జరిగిన చర్చలు గుర్తున్నవాళ్లకి అందులోని చిరాకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత శాన్‌డియేగోలో స్త్రీల బృందంతో కలిసి చేసిన అభ్యాసాలే 1974లో సానిక్ మెడిటేషన్స్‌గా అచ్చయ్యాయి. వాటిలో నాలుగోది మా ముగ్గురి కోసమే రాసినట్టుంటుంది. బృందాలు విడిపోవాలి, ఒకరి శబ్దం ఒకరికి వినిపించకూడదు. మధ్య దూరం కొద్దిపాటిదైనా సరే, వేల మైళ్లయినా సరే, కాంతి సంవత్సరాలైనా సరే. ముందే అనుకున్న వేళకి మనసులో ఒక ధ్వనిని తలచుకుని అవతలివాళ్లకి పంపాలి, అందిందనుకున్న ధ్వనిని పాడాలి. ఎవరిచోట వాళ్లు రికార్డు చేసుకుని తర్వాత పోల్చుకోవాలి. బృందాలకి బదులు ఒక్కొక్కరూ ఒంటరిగానైనా చేయొచ్చు. టెలిపతీ మాటెత్తగానే విమర్శకులు నవ్వుతారు. నేనూ మొదట నవ్వాను. ఆ మాట పక్కనపెట్టి స్కోరు ఏం చేయమంటోందో చూస్తే, అది తాళాన్ని వదిలేసి శ్రద్ధని అట్టిపెట్టుకుంది. దూరంగా ఉన్న మనిషి ఆలస్యంగా రావడం అనే నేరమే అందులో లేదు, ఎందుకంటే ఉమ్మడి గడియారం లేదు. తర్వాత ఒలివెరోస్ 1990ల మొదట్లోనే వీడియో ఫోన్ల మీదా, 2000 తర్వాత విశ్వవిద్యాలయాల మధ్య వేగవంతమైన నెట్‌వర్కుల మీదా కచేరీలు చేసింది. యంత్రాలు మారాయి గానీ ఆలోచన 1974లోనే ఉంది.

మనకి గీతల స్వరలిపి పూర్తిగా కొత్తేమీ కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేసిన తెలుగు గ్రంథం సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకి గుర్తులున్నాయి. కంపితానికి అలలాంటి గీత, జారుకి పైకో కిందికో వాలిన గీత. స్వరాక్షరం చెప్పలేని దాన్ని గీత చెబుతుంది. అయితే ఆ గీత ఉద్దేశం వేరు. పాడేవాళ్ల స్వేచ్ఛని పెంచడానికి కాదు, పెద్దల పాట పొల్లుపోకుండా నిలవడానికి. బతుకమ్మ పాటలకి అలాంటి దీక్షితులు ఎవరూ లేరు. నోట్‌బుక్‌లో మాటలుంటాయి, పైన "ఫలానా పాట వరస" అని ఒక ముక్క ఉంటుంది, అంతే. ఆ వరస తెలియకపోతే ఆ పుస్తకం మూగది.

అమ్మ నోట్‌బుక్ ఎరువుల కంపెనీవాళ్లు ఇచ్చిన డైరీ. ఆమె దానిలో మాటలతో ఆగలేదు. సాగదీయాల్సిన అక్షరం నెత్తిన ఒక విల్లు. అందుకోవాల్సిన చోట పక్కన చిన్న సున్నా. కొన్ని పంక్తుల చివర మూడు చుక్కలు. సంగీతం నేర్చుకున్నదాన్ని, నాలుగేళ్లు గీతాలూ వర్ణాలూ నోట్‌బుక్కులకెక్కించినదాన్ని, ఈ గుర్తుల్ని ఇన్నేళ్లూ చూసి కూడా స్వరలిపి అనుకోలేదు. అమ్మ గీసుకున్న గీతలు అనుకున్నాను.

రెండో ఆదివారం చార్టు కాగితం తీసుకుని అమ్మ గుర్తుల్ని పెద్దవిగా గీసి ఫోటో పంపాను. ముగ్గురికి మూడు అడ్డపట్టీలు, మూడు రంగులు. నిలువు గీతలు లేవు, కాబట్టి కలిసి అడుగు వేయాల్సిన చోటు లేదు. ఒక విల్లు ముగిసి పల్చబడుతున్నప్పుడు ఆ పాడే మనిషి ఊపిరి తగ్గడం వినిపిస్తే తర్వాతివాళ్లు అందుకోవాలి. చప్పట్లు ఎవరి పట్టీలో వాళ్లవి. ఒకరు చప్పట్లు కొడుతుంటే మిగతా ఇద్దరూ శ్రుతి మీద నిలబడాలి. ఎవరి గొంతయినా పైకి లేస్తే మిగతావాళ్లు దాని ఎత్తుకి ఎదగాలని ఒలివెరోస్ దగ్గర తీసుకున్నాం. అక్క దానికి ఇంకోటి చేర్చింది, "ఎవరికన్న ఏడుపొస్తే మిగతావాళ్లు ఆగొద్దు, సాగదీయాలె" అని. ఆ సూచన కాగితం మీద ఒక పొడవాటి నీలి గీత.

అది నడిచింది. నడిచింది అంటే బతుకమ్మ పాటలా వినిపించిందని కాదు. హనుమకొండలో నేను విన్న పాట వేరు, అక్క విన్న పాట వేరు, విశాఖలో మూడోది. మూడుచోట్లా ఆలస్యాలు మూడు రకాలు కాబట్టి ఒకే స్కోరుకి ఒకేసారి మూడు పాటలు పుట్టాయి, వాటిలో ఏది అసలుదో తేల్చే స్థానం ఎక్కడా లేదు. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర పెద్ద వలయంలో తిరిగినవాళ్లకి ఇది తెలిసినదే. అవతలి పక్క వంత ఇవతలికి కొంచెం ఆలస్యంగా వస్తుంది, పాట వలయం చుట్టూ మసకమసగ్గా తిరుగుతుంది. అక్కడ చేతులు, అడుగులు కనిపిస్తాయి కాబట్టి ఎవరూ ఎవరినీ వెనకబడ్డావని అనరు.

రికార్డులు పోల్చుకున్నప్పుడు మూడు చుక్కల దగ్గర ఆగిపోయాం. నేను అక్కడ గమకం వేశాను, చదువుకున్నదాన్ని కదా. చెల్లె మూడు చప్పట్లు కొట్టింది. అక్క ఏమీ చేయకుండా ఊరికే ఉంది. ఎందుకని అడిగితే, "అక్కడ అమ్మకు ఆయాసమొస్తుండె. ఫోన్ల పాడినప్పుడు ఆడ్నే ఆగేది" అంది. డైరీ తెచ్చి చూశాను. విల్లులు నీలి సిరాతో ఉన్నాయి, చుక్కలు మాత్రం నల్ల జెల్ పెన్నుతో, చాలా తర్వాత పెట్టినవి. అమ్మ చివరి అయిదేళ్లూ నా ఇంట్లోనే ఉంది. పక్కగదిలో అక్కకి ఫోన్‌లో పాటలు పాడుతుంటే నేను వంటింట్లోనో, పరీక్ష పేపర్లు దిద్దుతూనో ఉన్నాను. నా చెవిన పడుతూనే ఉంది. విన్నది మాత్రం 13 వేల కిలోమీటర్ల అవతల ఉన్నావిడ.

ఒలివెరోస్‌తో నాకు పేచీ ఇక్కడే మొదలవుతుంది. 1953లో ఆమె 21వ పుట్టినరోజుకి తల్లి ఒక టేప్ రికార్డర్ ఇచ్చిందట. కిటికీలో మైకు పెట్టి రికార్డు చేసి వింటే, తను గమనించని శబ్దాలెన్నో అందులో ఉన్నాయి. అప్పటినుంచీ అన్నిటినీ, అన్నివేళలా వినాలని తనకి తానే ఒక అభ్యాసం పెట్టుకుంది. ఆమె డీప్ లిజనింగ్ సిద్ధాంతానికి మూలం అదే. చదివినప్పుడు గౌరవం కలిగింది, వెంటనే ఒక అలుపు కూడా వచ్చింది. అన్నిటినీ అన్నివేళలా వినడం ఇంట్లో ఆడవాళ్లు చేస్తూనే ఉన్నారు కదా! పాలు పొంగే చప్పుడు, గేటు గొళ్లెం, మంచం మీద దగ్గు, నీళ్ల ట్యాంకు నిండిన శబ్దం, పక్కగదిలో పిల్లాడు మరీ నిశ్శబ్దంగా ఉండడం. ఇది ధ్యానం కాదు, కాపలా. మా మొదటి రికార్డులో కుక్కర్ విజిల్ పడింది. అక్క అది బాగుంది, ఉంచుదామంది. నేను ఒప్పుకోలేదు. న్యూజెర్సీలో అది ధ్వని, హనుమకొండలో అది లేచి వెళ్లి ఆపాల్సిన స్టవ్. వినడానికి కావలసింది చెవి ఒక్కటే కాదు, ఆ వేళకి వేరే పని లేకపోవడం కూడా. ఆ నాలుగో మెడిటేషన్‌లో "ప్రతి బృందం దగ్గరా టేప్ రికార్డర్ ఉండాలి" అని నిర్మొహమాటంగా ఉంది. ప్రతి మనిషికీ ఖాళీగా గంట ఉండాలని కూడా ఉండాల్సింది. ఆమె 1970లలో వాడుకున్న మండలాకారాల మీద కూడా నాకు కొంచెం ఎడం ఉంది. కాలిఫోర్నియాలో వలయం అంటే సమానత్వం. మన ఊళ్లలో ఎవరు ఏ వలయంలో ఆడాలో, ఏ చెరువు గట్టున ఆడాలో చెప్పిన కులం ఉంది. వలయం గీసినంత మాత్రాన అందరూ దానిలో ఉన్నట్టు కాదు.

ఇంత మాట అన్నదాన్ని, నా సంగతీ చెప్పాలి. గ్రాఫిక్ స్కోర్ల చరిత్రలో నన్ను వేధించే ఉదాహరణ జాన్ కేజ్ 1958లో క్యాథీ బెర్బెరియన్ కోసం రాసిన ఆరియా. రంగురంగుల వంపు గీతలు, ఐదు భాషల మాటలు, సంగీతం కాని చప్పుళ్లకి నల్లటి చతురస్రాలు. ఒక్కో రంగుకి ఏ శైలి అన్నది పాడేవాళ్లే నిర్ణయించుకోవాలి. ఆ శైలులన్నీ తన గొంతులో ఉన్న మనిషి బెర్బెరియన్. ఆమె లేకపోతే ఆ గీతలకి ప్రాణం ఎక్కడిది? అయినా అట్ట మీద స్వరకర్త కేజ్. ఆమె 1966లో కామిక్ పుస్తకాల చప్పుళ్లతో స్ట్రిప్సడీ అనే గ్రాఫిక్ స్కోరు తనే కూర్చుకున్న తర్వాత కూడా, చాలాచోట్ల ఆమె "గొప్ప గాయని"గానే మిగిలింది. ఒక్క సూచనా లేకుండా 193 పేజీల గీతలు గీసిన కార్నీలియస్ కార్డ్యూ తర్వాత తన రచననే తప్పుపట్టాడు, కానీ అతని అభ్యంతరం వర్గం గురించి. పేరు ఎవరిదన్న ప్రశ్న కాదది. గీతలు ఎంత వదులుగా ఉంటే పాడేవాళ్ల పని అంత ఎక్కువ. పేరు మాత్రం పనితోపాటు పంచబడదు.

ఇదే వాదనతో 2023లో ఒక విశ్వవిద్యాలయ సదస్సుకి పత్రం రాసి, మా చార్టుని పోస్టరుగా పెట్టాను. కింద శీర్షిక, తేదీ, నా పేరు, నా హోదా. రాసేటప్పుడు చేయి ఆగలేదు. నిర్వాహకులు పంపిన నమూనాలో ఒక పేరుకే చోటుందని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరో తీసిన ఫోటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి అక్క దాకా పోయింది. మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు ఒక మెసేజ్: "గీతలు అమ్మయి, నీలి గీత నాది, పేరు నీది."

నేను జవాబుగా పెద్ద ఉత్తరమే రాశాను. ఆలోచన ఎవరిది, కాగితం మీద పెట్టింది ఎవరు, ఒలివెరోస్ సూచన ఎవరు తెచ్చారు అని. పంపకుండా తీసేశాను. అది అచ్చం కేజ్ తరఫు వకీలు రాసినట్టుంది.

సదస్సు పత్రాల సంకలనం ఇంకా అచ్చుకి పోలేదు. స్కోరు కింద పేర్లు మార్చమని రాశాను, నాలుగు పేర్లు పంపాను. పోయినవాళ్ల సంతకం లేకుండా రచయితగా ఎలా వేస్తామని అడిగారు. చెల్లె తన పేరు వద్దంటోంది, మూడు చప్పట్లకి పేరెందుకంటుంది. అక్క ఇంకా ఏమీ అనలేదు. మూడు చుక్కల దగ్గర ఏం చేయాలో మాత్రం పంపింది, ఫోన్ రికార్డింగులోంచి కత్తిరించిన పదకొండు సెకన్ల ముక్క. అందులో పాట లేదు. అమ్మ ఊపిరి తీసుకుంటోంది, వెనకాల ఎక్కడో నేను గిన్నెలు సర్దుతున్నాను.